ముందు వీడియో, తర్వాత పేటెంట్: ఒక విత్తన యంత్రం ఫైలు

క్లయింట్ అనుమతితో, ఆయన్ని గుర్తు పట్టే వివరాలు తీసేసి ఈ ఫైలు గురించి రాస్తున్నాను. నేను పేటెంట్ ఏజెంట్‌ని. కొత్త వస్తువు తయారు చేసేవాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు, దాన్నుంచి ఎంతవరకు బయటపడొచ్చు అన్నది, రెండూ ఈ ఒక్క ఫైలులోనే ఉన్నాయి.

ఆయనకు వెల్డింగ్ షాపు ఉంది. ఫోన్ చేసి ఇలా మొదలుపెట్టారు: "సార్, మా మెషిన్‌కి పేటెంట్ తీసుకోవాలి. కొత్తదే సార్, డౌటేం లేదు. యూట్యూబ్‌లో పెడితే చూసినవాళ్లంతా ఇలాంటిది ఎక్కడా చూడలేదన్నారు."

నేను వెంటనే అడిగింది ఒక్కటే: "వీడియో పెట్టి ఎన్నాళ్లయింది?"

ఎనిమిది నెలలయిందట. నాలుగు నెలల క్రితం ఒక వ్యవసాయ ప్రదర్శనలో స్టాల్ కూడా పెట్టారు. ఆరు మెషిన్లు అమ్మారు. ఆ వీడియో చూసి పక్క జిల్లాలో ఎవరో అచ్చం అలాంటిదే చేసి అమ్ముతున్నారని తెలిసి, అప్పుడు నాకు ఫోన్ చేశారు. పైగా వచ్చే సోమవారం ఒక డీలర్ వస్తున్నాడని, మెషిన్ మొత్తం విప్పి చూపిస్తానని మాటిచ్చారని కూడా చెప్పారు.

"సోమవారం లోపు మనం కూర్చోవాలి. అప్పటిదాకా ఎవరికీ ఏమీ విప్పి చూపించకండి," అన్నాను.

మెషిన్ ఏమిటంటే, ఒక మనిషి తోసుకుంటూ వెళ్తే వేరుశనగ విత్తే పరికరం. ముందు చక్రం తిరిగితే, గింజలు పోసే డబ్బా అడుగున ఒక రోలర్ తిరుగుతుంది. రోలర్ మీద వరసగా గుంటలుంటాయి. ఒక్కో గుంటలో ఒక్కో గింజ కూర్చుని కిందికి దిగి చాల్లో పడుతుంది. గుంటలో రెండు గింజలు చేరితే రెండోదాన్ని పక్కకు తోసేయడానికి పైన ఒక రబ్బరు ఆకు ఆనుకుని ఉంటుంది.

ఎదురుగా కూర్చున్నాక ఆయన అన్న మొదటి మాట: "ముందు చేసింది నేనే సార్. సాక్ష్యం కావాలంటే వీడియో ఉందిగా, డేట్‌తో సహా." ఆ మాట ఎంత నమ్మకంగా అన్నారో, జవాబు చెప్పడం నాకు అంత కష్టమైంది. ఎవరు ముందు చేశారన్నది ఒక్కటే చట్టం చూడదు. దరఖాస్తు పెట్టిన తేదీ నాటికి ఆ విషయం ప్రపంచంలో ఎక్కడైనా ప్రచురణ అయిందా, ఎక్కడైనా వాడకంలోకి వచ్చిందా అని చూస్తుంది. అయి ఉంటే అది కొత్తది కాదు. బయటపెట్టింది మీరే కదా అని మినహాయింపు ఏమీ ఇవ్వదు. ఆయన సాక్ష్యం అనుకుంటున్న వీడియో నిజంగానే సాక్ష్యం, కాకపోతే ఆయనకు వ్యతిరేకంగా.

ఈ నియమం మనకు మేలు చేసిన సందర్భం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1995లో గాయాలు మానడానికి పసుపు వాడకం మీద అమెరికాలో ఒక పేటెంట్ ఇచ్చారు. మన ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎస్‌ఐఆర్ దాన్ని సవాలు చేసింది. పసుపును గాయాలకు వాడటం మనకు పాత విషయమని చూపించడానికి పాత గ్రంథాలతో పాటు 1953లో మన వైద్య పత్రికలో వచ్చిన ఒక వ్యాసాన్ని కూడా ముందు పెట్టింది. 1997లో అక్కడి పేటెంట్ ఆఫీసు ఆ క్లెయిములు, అంటే ఆ పేటెంట్‌లో హక్కు కోరిన అంశాలు, చెల్లవని తేల్చింది. అప్పటికే జనానికి తెలిసిన దాన్ని ఎవరూ సొంతం చేసుకోలేరన్నదే అక్కడ గెలిచిన వాదన. అదే వాదన ఇప్పుడు నా క్లయింట్‌కి అడ్డం తిరిగింది. ఎనిమిది నెలలుగా వేలమంది చూసిన మెషిన్‌ని ఈ రోజు కొత్తది అనలేం.

"పన్నెండు నెలల టైమ్ ఉంటుందట కదా సార్?" అన్నారు. ఈ ప్రశ్న నాకు నెలకి రెండు మూడు సార్లైనా వస్తుంది. ఇంటర్నెట్‌లో కనిపించే సలహాల్లో చాలావరకు అమెరికావి. అక్కడ కనిపెట్టినవాడు తానే బయటపెట్టినా, ఏడాది లోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన చట్టంలోనూ సెక్షన్ 31 కింద పన్నెండు నెలల వెసులుబాటు ఉంది గానీ, దాని తలుపు చాలా ఇరుకు. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసిన ప్రదర్శనలో పెట్టి ఉండాలి, లేదా విద్వత్ సంఘం ముందు పేపర్ చదివి ఉండాలి. ఆయన స్టాల్ పెట్టిన ప్రదర్శనకు అలాంటి నోటిఫికేషన్ లేదు. యూట్యూబ్‌కి అయితే ఈ సెక్షన్‌లో చోటే లేదు.

ఆయన ముఖం చూస్తే బాధేసింది. రెండేళ్ల కష్టం. చూసినంతలో పాత మెషిన్‌కి పేటెంట్ రాదు, వచ్చినా నిలవదు అని చెప్పేశాను. ఇలాంటి చోట ఆశ పెట్టి ఫీజు తీసుకోవడం నా వల్ల కాదు.

వీడియో ముందు కూర్చున్న సాయంత్రం

ఆ తర్వాత ఇద్దరం ఆ వీడియోని మొదటి నుంచి ఆపుతూ ఆపుతూ చూశాం. ఇది నేను ప్రతి ఇలాంటి ఫైలులోనూ చేస్తాను. బయటపడింది ఎంత, పడనిది ఎంత అని గీత గీయకుండా ముందుకు వెళ్లలేం. చక్రం కనిపిస్తోంది, హ్యాండిల్ కనిపిస్తోంది. మధ్యలో ఆయన డబ్బా మూత తీసి గింజలు పోస్తారు. అక్కడ నాలుగైదు క్షణాలు రోలర్, గుంటలు, రబ్బరు ఆకు అంచు స్పష్టంగా కనిపిస్తాయి. అంటే అవన్నీ పోయినట్టే. ఒక్కొక్కటి కాగితం మీద రాసి కొట్టేస్తూ వచ్చాను.

తర్వాత ఆయన తెచ్చిన మెషిన్‌ని నేల మీద పెట్టి తోసి చూశాను. గుంట గుంటకీ చిన్నగా టక్ టక్ మని చప్పుడు వస్తోంది. వీడియోలో ఆ చప్పుడు లేదు. మళ్లీ సౌండ్ పెంచి విన్నాం. లేదు.

"ఈ చప్పుడేమిటి?" అని అడిగాను.

"అది తర్వాత పెట్టింది సార్. పాతదాంట్లో గింజలు నలుగుతున్నాయని రైతులు గొడవ చేస్తే మార్చాం."

పక్కన రేకు తీసి చూపించారు. విషయం ఇది. వేరుశనగ విత్తనం సున్నితమైనది. పైనున్న పల్చటి ఎర్ర పొర ఊడినా, గింజ బద్దలుగా చీలినా మొలక దెబ్బతింటుంది. పాత మెషిన్‌లో గుంటలోకి సగం దిగిన గింజ రబ్బరు ఆకుకీ గుంట అంచుకీ మధ్య ఇరుక్కుని చితికేది. కొత్తదాంట్లో రోలర్ ఇరుసు మీదే ఒక క్యామ్, అంటే ఇరుసుతో పాటు తిరిగే గుబ్బల చక్రం, ఉంది. రోలర్‌కి ఎన్ని గుంటలో క్యామ్‌కి అన్ని గుబ్బలు. గుంట అంచు ఆకు కిందికి వచ్చే సరిగ్గా ఆ క్షణంలో గుబ్బ ఆకుని వెంట్రుకవాసి లేపి వదిలేస్తుంది. ఇరుక్కోబోయే గింజ వెనక్కి జారిపోతుంది. ఆ లేచి పడే చప్పుడే మేం విన్నది.

వీడియోలో లేనిదీ, కాపీ కొట్టినవాడి దగ్గర లేనిదీ, రైతుకి నిజంగా పనికొచ్చేదీ అదే.

కానీ వెంటనే సంతోషించలేదు. ఇంకో ప్రశ్న మిగిలింది. అమ్మిన ఆరు మెషిన్లలో ఏది ఉంది? వాటిలో ఒక్కదాంట్లో ఈ క్యామ్ ఉన్నా, కొన్నవాళ్లు ఎవరైనా విప్పి చూసుకోవచ్చు. అమ్మకంతోనే అది బయటపడినట్టు. ఆయన నోట్‌బుక్ తెప్పించాం. నూనె మరకలున్న రెండు వందల పేజీల పుస్తకం. ఆర్డర్లు, కొలతలు, బాకీలు అన్నీ అందులోనే, తేదీలతో. ఆరూ పాత రకమే. క్యామ్ పెట్టినవి రెండే. ఒకటి షాపులో ఉంది, ఇంకోటి బావమరిది పొలంలో ట్రయల్‌కి ఇచ్చారు. విత్తే మెషిన్‌ని పొలంలో తప్ప ఎక్కడ పరీక్షిస్తాం? సహేతుకమైన పరీక్ష కోసమే, అది బహిరంగంగా చేయక తప్పనప్పుడు, దరఖాస్తుకి ఏడాది లోపు జరిగిన వాడకాన్ని సెక్షన్ 32 మినహాయిస్తుంది. ఆ పొలం ట్రయల్ దీని కిందికి వస్తుంది. యూట్యూబ్ వీడియోకి ఇదే మాట చెప్పుకోలేం. దాని ఉద్దేశం పరీక్ష కాదు, ప్రచారం.

ఆ నోట్‌బుక్ లేకపోతే ఈ ఫైలు అక్కడితో ఆగిపోయేది.

ఆలోచన ఎవరిది

దరఖాస్తు ఫారం 1లో కనిపెట్టినవారి పేరు రాయాలి. ఆయన వెంటనే తన పేరు చెప్పారు. నాకు అలవాటుగా వచ్చే ప్రశ్న అడిగాను: "ఆకుని లేపాలన్న ఆలోచన మొదట ఎవరికి వచ్చింది?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. షాపులో పనిచేసే కుర్రాడు, గింజలు చితకడం చూస్తూ చూస్తూ "ఆకు కొంచెం లేస్తే గింజ వెనక్కి జారుతుంది కదన్నా" అన్నాడట. మర్నాడు ఇరుసు చుట్టూ నట్లు వెల్డ్ చేసి చూపించాడట. నట్లు తీసేసి, గుబ్బల ఆకారం, ఎత్తు, అవి ఎప్పుడు తగలాలన్నది సరిచేసింది మాత్రం ఈయన.

"జీతం నేనే ఇస్తున్నా కదా సార్, అప్పుడు నాదే కదా?"

జీతం ఇస్తే ఉద్యోగి ఆవిష్కరణ దానంతటదే యజమానిదైపోతుందని మన పేటెంట్ చట్టంలో ఎక్కడా లేదు. నిజంగా కనిపెట్టిన వ్యక్తికి మొదటి హక్కు. దాన్ని యజమాని రాతపూర్వకంగా బదిలీ చేయించుకోవాలి. పేరు దాచి పెట్టిన పేటెంట్ రేపు కోర్టులో సవాలు చేయడానికి అవతలివాళ్లకు ఆయుధం అవుతుంది కూడా. ఇవన్నీ చెప్పాను. వాటికంటే ముఖ్యంగా, ఆ కుర్రాడి ఆలోచనకి అతని పేరు లేకుండా నేను ఆ ఫారం నింపలేనని చెప్పాను.

ఆయన మంచి మనిషి. రెండు రోజులు ఆలోచించి, కుర్రాణ్ని వెంటబెట్టుకుని వచ్చారు. కనిపెట్టినవారిగా ఇద్దరి పేర్లూ రాశాం. కుర్రాడు తన హక్కుని ఓనర్‌కి బదిలీ చేస్తూ పత్రం రాశాడు, అందులో అమ్మే ప్రతి మెషిన్ మీద అతనికి ఇంత అని లెక్క పెట్టుకున్నారు. సంతకం పెట్టే ముందు పత్రం మొత్తం అతనికి తెలుగులో చదివి వినిపించాను.

శనివారం ప్రొవిజనల్ దరఖాస్తు, అంటే పూర్తి వివరాలు తర్వాత ఇచ్చే తాత్కాలిక దరఖాస్తు, వేశాం. ఆన్‌లైన్‌లో వ్యక్తులకి ఫీజు 1600 రూపాయలు. సోమవారం డీలర్ వచ్చాడు.

ప్రొవిజనల్ అంటే చాలామంది పేజీన్నర రాసి తేదీ పట్టేసుకుంటే చాలనుకుంటారు. అది ప్రమాదం. సెక్షన్ 9 ప్రకారం పన్నెండు నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్, అంటే ఆవిష్కరణ పూర్తి వివరణ పత్రం, వేయాలి. అందులో మనం అడిగే క్లెయిముకి పాత తేదీ దక్కాలంటే, ఆ విషయం ప్రొవిజనల్‌లోనే ఉండి తీరాలి. అందుకే శుక్రవారం రాత్రి కూర్చుని క్యామ్ బొమ్మలు నాలుగు కోణాల్లో గీయించాను. క్యామ్ బదులు ఇంకేం వాడినా ఇదే పని జరుగుతుందో అవన్నీ రాశాను. రబ్బరు బదులు తోలు, పల్చటి స్ప్రింగు రేకు కూడా చేర్చాను.

ఈ లోపు మిగతా దారులు కూడా చూశాం. మెషిన్ బయటి ఆకారానికి డిజైన్ రిజిస్ట్రేషన్ చేయిద్దామంటే అక్కడా అదే అడ్డు, ముందే బయటపడింది. డ్రాయింగుల మీద కాపీరైట్ ఉంటుంది కదా అని ఆయనకు ఎవరో చెప్పారు. డిజైన్‌గా రిజిస్టర్ చేయదగినదాన్ని చేయకుండా వదిలేసి, ఆ వస్తువుని పారిశ్రామికంగా యాభైకి మించి తయారు చేస్తే ఆ డిజైన్ మీద కాపీరైట్ పోతుందని కాపీరైట్ చట్టం సెక్షన్ 15 చెబుతుంది. ఆయన ఆశించే వ్యాపారానికి అది నిలిచే రక్షణ కాదు. పేరు మాత్రం చక్కగా మిగిలింది. ట్రేడ్‌మార్క్‌కి కొత్తదనంతో పనిలేదు, ఎంత వాడితే అంత బలం. యంత్రాల క్లాస్ 7, చేతి పనిముట్ల క్లాస్ 8, తోసుకెళ్లే పరికరం కాబట్టి రెండింటిలోనూ వేశాం. పదేళ్లకోసారి రెన్యూ చేసుకుంటూ పోవచ్చు.

ఒక్క మాట విలువ

పూర్తి స్పెసిఫికేషన్ ఐదో నెలలో వేశాం. అందులో అందరూ తేలిగ్గా తీసుకునేదీ, నేను ఎక్కువ రోజులు కూర్చునేదీ క్లెయిములే. పేటెంట్‌లో ఎన్ని పేజీలున్నా, హక్కు ఉండేది క్లెయిముల్లోనే. పొలానికి సరిహద్దు రాళ్లలాంటివి.

నేను మొదట రాసిన వాక్యం సారాంశం ఇది: గింజల డబ్బా, గుంటలున్న రోలర్, గుంటల పైన ఆనుకున్న రబ్బరు ఆకు, రోలర్ ఇరుసుకి బిగించి గుంట గుంటకీ ఆ ఆకుని లేపే క్యామ్ ఉన్న విత్తే పరికరం. చదివి ఆయన సంతోషించారు. "మా మెషిన్ అచ్చంగా ఇదే సార్."

అచ్చంగా అదే కావడమే ఇబ్బంది. క్లెయిములో చెప్పినవన్నీ ఉంటేనే ఉల్లంఘన. రేపు ఎవరైనా రబ్బరు తీసేసి తోలు ముక్క పెడితే, మాది రబ్బరు కాదంటూ తప్పించుకోవడానికి వాదన దొరుకుతుంది. "రబ్బరు" కొట్టేసి "వంగే గుణమున్న ఆకు" అని రాశాను. "ఇరుసుకి బిగించిన" అన్నది "రోలర్ తిరగడంతో కలిసి పనిచేసే" అయింది. రబ్బరు, ఇరుసు రెండూ మొదటిదాని మీద ఆధారపడే తర్వాతి క్లెయిముల్లోకి వెళ్లాయి. పెద్ద క్లెయిము పడిపోయినా ఆ చిన్నవి నిలబడాలని. ఒక్కో మాట పెంచితే హక్కు ఒక్కో అడుగు కుంచించుకుపోతుంది. మరీ తగ్గిస్తే పాతదానిలో కలిసిపోతుంది. ఆ రెంటి మధ్య ఎక్కడ ఆగాలన్నదే మా పని.

మామూలుగా దరఖాస్తు 18 నెలల తర్వాత ప్రచురణ అవుతుంది. కాపీ ఇప్పటికే మొదలైంది కాబట్టి ఫారం 9 వేసి ముందే ప్రచురింపజేశాం. ప్రచురణ తేదీ నుంచి జరిగిన ఉల్లంఘనకి, పేటెంట్ వచ్చాక పరిహారం అడగొచ్చు. గ్రాంట్ అయ్యేదాకా కేసు మాత్రం వేయలేం. దరఖాస్తుని పేటెంట్ ఆఫీసు పరీక్షించాలన్న అభ్యర్థన కూడా అప్పుడే పెట్టేశాం. ఆ రోజుల్లో దానికి 48 నెలల గడువుండేది. 2024 మార్చి 15 నుంచి వచ్చే దరఖాస్తులకి అది 31 నెలలే, ఏమరుపాటుగా ఉంటే దరఖాస్తు వదిలేసినట్టే లెక్క.

ఎగ్జామినర్ మొదటి రిపోర్టులో మూడు అభ్యంతరాలు వచ్చాయి. గింజల్ని తుడిచే రబ్బరు ఆకు ఉన్న ఒక పాత విదేశీ పేటెంట్ చూపించారు. రెండోది, నేను ఎదురుచూసిందే, క్లయింట్ యూట్యూబ్ వీడియో. మూడోది సెక్షన్ 3(ఎఫ్): తెలిసిన పరికరాల్ని పక్కపక్కన పేర్చినంత మాత్రాన, అవి దేని పని అది చేసుకుంటుంటే, అది ఆవిష్కరణ కాదు.

జవాబుకి ఆరు నెలల గడువు. వీడియో గురించి దాచడానికేమీ లేదు. అది మాదే, అందులో ఇంతవరకు కనిపిస్తోంది, క్యామ్ కనిపించదు, అప్పటికి క్యామ్ పెట్టనే లేదని నోట్‌బుక్ పేజీలతో చెప్పాం. పాత పేటెంట్‌లో ఆకు కదలకుండా ఆనుకునే ఉంటుంది. రెండూ కలిపి చదివినా, గుంట రాకతో తాళం కలిపి ఆకుని లేపాలన్న సూచన ఎక్కడా లేదు. 3(ఎఫ్) మీదే ఎక్కువ రాశాను. క్యామ్ తన పాటికి తాను తిరగడం లేదు. గుబ్బల లెక్క గుంటల లెక్కతో ముడిపడి ఉంది, గుబ్బ ఒక పిసరు ముందు తగిలినా గింజ చితుకుతుంది. ఇది చూపించడానికి షాపులో ఒకే బస్తాలోంచి వందేసి గింజలు తీసి, పాత రోలర్‌లోంచి, కొత్తదాంట్లోంచి, కావాలని క్యామ్ పక్కకు జరిపినదాంట్లోంచి పంపి, చీలినవి వేరు చేసి మూడు పళ్లేల్లో పోసి ఫోటోలు తీశాం. ఆ మూడో పళ్లెం ఆలోచన మళ్లీ కుర్రాడిదే. వాదన మొత్తంలో బాగా పనికొచ్చింది అదే.

వీడియో కాల్‌లో హియరింగ్ జరిగింది. నిర్ణయం తీసుకునే అధికారి కంట్రోలర్, క్యామ్‌కీ గుంటకీ ఉన్న లెక్కని మొదటి క్లెయిములోకే తీసుకురమ్మన్నారు. హక్కు కొంచెం తగ్గుతుంది, అయినా న్యాయమైన మాటే. ఒప్పుకుని పదిహేను రోజుల లోపు రాతపూర్వకంగా ఇచ్చాం. గ్రాంట్ అయింది. దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. మూడో ఏటి నుంచి కట్టాల్సిన రెన్యువల్ ఫీజు బకాయిలు మూడు నెలల లోపు కట్టేశాం.

ఇది మన దేశంలోనే చెల్లుతుంది. విదేశాల్లో వేయడానికి మొదటి తేదీ నుంచి పన్నెండు నెలలు ఉండేవి. ఖర్చు చూసి ఆయన వద్దనుకున్నారు, నేనూ బలవంతపెట్టలేదు. పాత రకం మెషిన్ ఈ రోజుకీ ఎవరైనా చేసుకోవచ్చు, పక్క జిల్లా ఆయన చేస్తూనే ఉన్నాడు. క్యామ్ మాత్రం పెట్టలేదు. నోటీసు పంపే అవసరం ఇప్పటిదాకా రాలేదు.

2024 పేటెంట్ నియమాల సవరణల్లో ఫారం 8ఏ అని ఒకటి కొత్తగా వచ్చింది. దాంతో కనిపెట్టినవారు తమ పేరు మీద సర్టిఫికెట్ అడగొచ్చు. ఇద్దరి తరఫునా అర్జీ పెట్టాం. అవి వచ్చినప్పుడు ఓనర్ తనది బ్యాగులో పెట్టుకున్నారు. కుర్రాడు తనది రెండు చేతులతో పట్టుకుని, ఇంగ్లిష్‌లో ఉన్న ఆ కాగితంలో తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాడు.